నిలబెట్టిన ఊరు: హైదరాబాద్‌లో ఒక టవర్ ఎలా లేస్తుంది

మా బాల్కనీకి ఎదురుగా ఒక గుట్ట ఉండేది. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి వైపు పాతకాపులకు ఆ గుట్టలు బాగా తెలుసు. ఎవరో ఎత్తి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ నున్నటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఒకరోజు పొద్దున దాని చుట్టూ నీలం రేకులు పాతారు. వారం తిరక్కుండా జేసీబీలు దిగాయి. ఇప్పుడక్కడ 45 అంతస్తుల బిల్డింగ్ ఉంది. ఈ మధ్యలో గడిచిన నాలుగున్నరేళ్లు, ఉదయం కాఫీ తాగుతూ ఆ రేకుల అవతల జరిగేది చూడటం నాకు అలవాటైపోయింది.

ఇంటికి ఎవరొచ్చినా అడిగే మొదటి మాట "ఎన్ని ఫ్లోర్లండీ?" అని. నిజానికి ఫ్లోర్ల లెక్క ఇందులో తేలికైన భాగం. 450 ఇళ్లంటే సుమారు 1,800 మంది, అంటే ఓ చిన్న ఊరు. ఊరికి బాట కావాలి, నీళ్లు కావాలి, మురుగు పోవాలి, నిప్పంటుకుంటే పారిపోయే దారి ఉండాలి. మామూలు ఊళ్లో ఇవన్నీ నేల మీద పరుచుకుని ఉంటాయి. టవర్‌లో వాటన్నిటినీ నిలువుగా లేపాలి. కట్టేటప్పుడు కాంక్రీటు ఎలా పైకి వెళ్తుందన్నదీ, కట్టాక మనిషి ఎలా కిందికి వస్తాడన్నదీ ఒకే తరహా సమస్య. పునాది గొయ్యి నుంచి గేటు దాకా ఏ దశ చూసినా నాకు ఈ రాకపోకల లెక్కే కనపడింది.

ఎత్తును తేల్చేది రోడ్డు

హైదరాబాద్ పడమటి వైపే ఇన్ని టవర్లు ఎందుకు మొలిచాయన్నదానికి జవాబు 2006లో ఉంది. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి మొత్తం ఎన్ని చదరపు అడుగులు కట్టొచ్చో ఒక పరిమితి ఉంటుంది. దాన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఆ పరిమితిని తీసేసింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. దాని బదులు రెండు కొలతలు పెట్టారు: ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, బిల్డింగ్ చుట్టూ ఎంత ఖాళీ వదిలారు. 2012 పట్టిక ప్రకారం 21 మీటర్ల ఎత్తు దాకా 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ చాలు. 50 మీటర్లు దాటితే 30 మీటర్ల రోడ్డు, అంటే మన లెక్కలో వందడుగుల రోడ్డు, చుట్టూ కనీసం 16 మీటర్ల ఖాళీ ఉండాలి. విమానాల దారికి అడ్డం రాదని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఒప్పుకోవాలి, ఫైర్ శాఖ ఎన్‌ఓసీ ఇవ్వాలి. కట్టేది 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కూడా తెచ్చుకోవాలి. ఇవన్నీ ఉంటే అంతస్తులు మీ ఇష్టం.

ఇక డబ్బు లెక్క. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. గజం రెండు లక్షల పైమాటే. ఆ రేటుకు కొన్న నేల మీద ఐదంతస్తులు కడితే ఆ ఇళ్లను ఎవరూ కొనలేరు. నేల ఖర్చును వీలైనన్ని అంతస్తుల మీదికి పంచాల్సిందే. అందుకే మొదటి గునపం దిగకముందే, వేలం హాల్లోనే ఆ ఎత్తు దాదాపు ఖాయమైపోతుంది.

గొయ్యి

మొదటి ఏడాది మాకు బిల్డింగ్ కనపడలేదు, వినపడింది. పొద్దున్నే బ్రేకర్ల మోత, మధ్యాహ్నం సైరన్, గేటు దగ్గర ఎర్ర జెండాతో ఒక మనిషి. రాతిలో వరసగా రంధ్రాలు వేసి మందు కూరతారు. పైన ఇనుప జాలీ, ఇసుక బస్తాలు, పాత రబ్బరు బెల్టులు కప్పుతారు. మందంతా ఒకేసారి పేలదు. ఒక్కో రంధ్రానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా పెడతారు. అన్నీ ఒక్కసారే పేలితే అదురు ఒకదానికొకటి కలిసి పక్కిళ్ల పునాదుల దాకా వస్తుంది. విడివిడిగా పేలితే నేల గుర్రుమంటుంది, అంతే. లెక్క సరిగ్గా కుదిరితేనే అంతే! మా వంటింటి గోడ మీద వెంట్రుకంత పగులు వచ్చింది. వెళ్లి చెబితే సైటు వాళ్లు మనిషిని పంపి పుట్టీ పెట్టించి తెల్ల రంగు వేయించారు. ఆ పగులు ఎందుకు వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ నగరంలో రాళ్ల కోసమే పోరాడే సంఘం ఉంది, 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్. వాళ్ల మాట ఇంకొన్ని చోట్ల చెల్లి ఉంటే బాగుండేదని ఆ ఏడాదంతా అనుకున్నాను.

అంత లోతు తవ్వింది బిల్డింగ్‌ను నిలబెట్టడానికేనని మొదట్లో నేనూ అనుకునేవాణ్ణి. చాలావరకు అది కార్ల కోసం. ఇంటికి రెండు కార్ల చొప్పున 900 కార్లంటే నాలుగు సెల్లార్లు, 15 మీటర్లకు పైగా గొయ్యి. అడుగున గట్టి రాయే ఉన్నా పై పొర మొరం, మట్టి. ఈ నిట్టనిలువు మట్టి గోడ వానకు జారితే లోపల పనిచేసేవాళ్ల మీదే పడుతుంది. అందుకే మట్టిలోకి అడ్డంగా ఇనుప కడ్డీలు దిగేసి, సిమెంటు పాలతో బిగించి, పైన జాలీ కట్టి కాంక్రీటు చిమ్ముతారు. సాయిల్ నెయిలింగ్ అంటే ఇదే. వానాకాలంలో సెల్లార్ తవ్వకాల మీద జీహెచ్‌ఎంసీ ఆంక్షలు పెట్టేది కూడా ఈ భయంతోనే.

అయితే ఆ రాయి వల్ల ఒక పెద్ద మేలుంది. గట్టి రాయి చదరపు మీటరుకు 300 టన్నులకు పైగా మోస్తుంది. నల్లరేగడి నేల 15 టన్నులు మోయడం కూడా కష్టమే, పైగా నానితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే హైదరాబాద్‌లో టవర్ నేరుగా బండ మీద కూర్చుంటే, కృష్ణా తీరాన అమరావతిలో పునాదే ఒక యుద్ధం. అక్కడి సచివాలయ టవర్లకు 2018 డిసెంబరులో భారీ ర్యాఫ్ట్ పునాది వేశారు. 2019 తర్వాత పనులు ఆగిపోయి ఆ పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో మునిగి ఉండిపోయాయి. నిలుస్తాయా లేదా అని 2024లో ఐఐటీ మద్రాస్ నిపుణులు వచ్చి పరిశీలించాల్సి వచ్చింది.

ర్యాఫ్ట్ అంటే బిల్డింగ్ కిందంతా పరిచే ఒకే ఒక్క మందపాటి కాంక్రీటు పలక. 40 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల మందం అనుకుంటే 4,000 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఆరేసి ఘనపు మీటర్లు మోసే రెడీమిక్స్ లారీలు 660 సార్లకు పైగా రావాలి, అదీ ఆగకుండా. మధ్యలో ఆగితే పాత పొర గట్టిపడి కొత్త పొర దానికి అతకదు. పగలు ట్రాఫిక్, ఎండ. అందుకే శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నం దాకా పోశారు. ఆ రెండు రాత్రులూ మా వీధిలో ఎవరికీ నిద్ర లేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పలుచటి స్లాబ్‌లో అది గాలికి పోతుంది. రెండున్నర మీటర్ల మందంలో లోపలే ఉండిపోతుంది. నడిమధ్యలో 70 డిగ్రీలు దాటితే కాంక్రీటు కొన్నేళ్ల తర్వాత లోలోపల ఉబ్బి చిట్లే ప్రమాదం ఉంది. లోపల కాలుతూ పైన చల్లారితే ఆ తేడాకే పగుళ్లు వస్తాయి. అందుకని కలిపే నీళ్లలో ఐసు వేస్తారు, సిమెంటు కొంత తగ్గించి ఫ్లైయాష్, అంటే థర్మల్ ప్లాంటు బూడిద కలుపుతారు, కాంక్రీటు లోపల ఉష్ణోగ్రత చూసే వైర్లు పెడతారు. పోశాక పైన థర్మోకోల్ పలకలు, గోనెపట్టాలు కప్పుతారు. ఏప్రిల్ ఎండలో కాంక్రీటుకు దుప్పటి కప్పడమేమిటని మొదట వింతగా తోచింది. ఇది పొయ్యి మీంచి దించిన అన్నం కుండ లాంటిదే. చల్లారాలి కానీ లోపలా బయటా కలిసి నిదానంగా చల్లారాలి.

వారానికో అంతస్తు

భూమి పైకి వచ్చాక వేగం మారిపోయింది. ఏడాదిన్నర గొయ్యిలోనే ఉన్న బిల్డింగ్, తర్వాత ఎనిమిది తొమ్మిది రోజులకో అంతస్తు ఎక్కింది. దీనికి కారణం మైవాన్. మలేసియాలో అల్యూమినియం అచ్చులు తయారుచేసిన ఒక కంపెనీ పేరది. ఇప్పుడు సైటులో ఏ కంపెనీ అచ్చులైనా అందరూ మైవాన్ షట్టరింగ్ అనే అంటారు.

పాత పద్ధతిలో పిల్లర్లు లేపి, కర్ర సెంట్రింగ్ మీద స్లాబ్ వేసి, తర్వాత ఇటుక గోడ కట్టి, దాన్ని చెక్కి కరెంటు పైపులు వేసేవాళ్లం. మైవాన్‌లో గోడ, స్లాబ్, కిటికీ ఖాళీ, లోపలి కరెంటు పైపు అన్నీ ఒకే అచ్చులో, ఒకే రోజు పోసేస్తారు. మర్నాడు గోడల అచ్చులు విప్పుతారు. స్లాబ్ కింద మాత్రం కొన్ని ఊతాలు ఇంకా ఉంచుతారు, కొత్త స్లాబ్ తన బరువు తాను మోయడానికి రోజులు పడుతుంది కాబట్టి. విప్పిన పలకలు ఒక్కొక్కటీ మనిషి మోసేంత బరువే. వాటికి క్రేన్ అక్కర్లేదు. స్లాబ్‌లో వదిలిన చిన్న ఖాళీలోంచి కింది మనిషి పైకి అందిస్తాడు, పై మనిషి లాక్కుంటాడు. అలా చేతుల మీదుగా ఇల్లంతా ఒక అంతస్తు పైకి ఎక్కిపోతుంది. మా బాల్కనీలోంచి చూస్తే చీమలు గింజలు మోసుకెళ్తున్నట్టు ఉండేది.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇందులోనే ఒకటుంది. ఈ ఇళ్లలో గోడే పిల్లర్. హాలూ బెడ్‌రూమూ కలిపేద్దామని గోడ కొట్టించడం కుదరదు, బిల్డింగ్ బరువు మోసేది అదే. ఏసీ పైపు కోసం పెద్ద రంధ్రం వేయాలన్నా ఇంజనీర్‌ను అడగాల్సిందే. పైగా కాంక్రీటు గోడ పగటి ఎండను పీల్చి రాత్రి లోపలికి వదులుతుంది. పడమటి గదిలో మే నెల రాత్రి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో పడుకున్నవాళ్లనే అడగాలి.

ఇనుము, కరెంటు డబ్బాలు, రోబో ఇసుక బస్తాలు, జనరేటర్ ముక్కలు, వీటన్నిటికీ టవర్ క్రేన్ ఒక్కటే దిక్కు. ఎవరికి ఏ గంటలో హుక్ దొరుకుతుందో ముందురోజు సాయంత్రమే రాసుకుంటారు. దాని కోసం సైటులో జరిగినన్ని గొడవలు డబ్బు కోసం కూడా జరగవట. క్రేన్ తనంతట తాను ఎలా పెరుగుతుందన్నది మా పిల్లలు రోజూ అడిగిన ప్రశ్న. దాని మెడ చుట్టూ ఒక పంజరం ఉంటుంది. హైడ్రాలిక్ జాకీలు పై భాగాన్ని ఒక ముక్క ఎత్తు లేపుతాయి. ఆ ఖాళీలోకి కొత్త ముక్కను జరిపి బోల్టులు బిగిస్తారు. కొంత ఎత్తు దాటాక ఒంటరిగా నిలబడలేదు కాబట్టి ఇనుప పట్టీలతో బిల్డింగ్‌కే కట్టేస్తారు. బిల్డింగ్‌ను కట్టే క్రేన్ ఆ బిల్డింగ్‌నే పట్టుకుని ఎక్కుతుందన్నమాట. ఆపరేటర్ మాత్రం పొద్దున ఏడింటికి నిచ్చెన పట్టుకుని ఎక్కేవాడు, వీపు మీద సంచిలో టిఫిన్ డబ్బా, రెండు నీళ్ల సీసాలు. మళ్లీ సాయంత్రమే దిగేవాడు.

తెల్లవారకముందే కొలత

ఆ సైటులో పనిచేసే ఇంజనీర్ మా స్నేహితుడి తమ్ముడే. ఒకసారి పైకి తీసుకెళ్లమని అడిగితే "రావాలంటే ఐదింటికి రా అన్నా, ఎండొస్తే పని అయిపోద్ది" అన్నాడు. హోయిస్ట్‌లో 31వ అంతస్తుకు వెళ్లాం. అది బిల్డింగ్ బయట ఇనుప పట్టాల మీద పాకే బోను. కింద ఇంకా వీధి దీపాలు వెలుగుతున్నాయి. గండిపేట చెరువు మీద బూడిద రంగు వెలుగు పరుచుకుని ఉంది.

చిన్న ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ నిలువు చూస్తాడు. ఇక్కడ ఆ పని లేజర్లు చేస్తాయి. మరి తెల్లవారుజామునే ఎందుకు? తూర్పు ముఖానికి ఎండ తగలగానే అటువైపు కాంక్రీటు వేడెక్కి కొద్దిగా సాగుతుంది. పడమటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. అంటే బిల్డింగ్ పడమటికి రవ్వంత వంగుతుంది. సాయంత్రానికి అటుది ఇటు. కొద్ది మిల్లీమీటర్లే అయినా, వంగి ఉన్నప్పుడు గుర్తు పెడితే ఆ తప్పు పై అంతస్తులన్నిటికీ ఎక్కుతుంది. అందుకే గాలి లేకుండా, ఎండ రాకముందు, క్రేన్ కదలకముందు కొలుస్తారు. ఆ అబ్బాయి నేల మీద మోకరిల్లి, నీలం సుద్ద పూసిన దారం లాగి వదిలాడు. టప్‌మని ఒక గీత పడింది. "ఇక్కడ ఐదు మిల్లీలు పోతే లిఫ్ట్ వాళ్లు నన్ను బతకనివ్వరు" అన్నాడు. లిఫ్ట్ పట్టాలు అడుగు నుంచి పై దాకా నిటారుగా ఉండాలి కదా.

బిల్డింగ్ ఊగుతుందా అని ఆరోజే అడిగాను. ఊగుతుంది, ఊగాలి. హైదరాబాద్‌లో డిజైన్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. విశాఖ, విజయవాడల్లో 50 మీటర్లు. 150 మీటర్ల టవర్ పై కొస ఆ లెక్కలో 30 సెంటీమీటర్ల దాకా జరగొచ్చని మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు అవుతుంది. ఆ తోపు కన్నా ఇంజనీర్లు ఎక్కువ భయపడేది గాలి లయకు. బిల్డింగ్‌ను చీల్చుకుని వెళ్లిన గాలి ఓసారి ఎడమన, ఓసారి కుడిన సుడులు వదులుతుంది. ఉయ్యాలను సరైన క్షణంలో చిన్నగా తోస్తూ ఉంటే ఎంత ఎత్తుకు పోతుందో తెలుసు కదా, ఆ సుడుల లయ బిల్డింగ్ లయతో కలిస్తే అదే జరుగుతుంది, అదీ గాలికి అడ్డంగా. మూలలు చెక్కడం, నున్నగా చేయడం అందం కోసం అనుకుంటాం. సుడులను చెదరగొట్టడానికి కూడా. బాగా ఎత్తైన వాటికి చిన్న నమూనా చేసి విండ్ టన్నెల్‌లో పెట్టి చూస్తారు, చుట్టుపక్కల బిల్డింగుల నమూనాలతో సహా. ఎందుకంటే పక్కన ఇంకో టవర్ లేస్తే మన టవర్ మీది గాలి మారిపోతుంది.

చేతులు ఎవరివి

ఒకప్పుడు దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు. ఈ సైటులో పాలమూరు మనిషిని నేను ఒక్కరినే కలిశాను, గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న పెద్దాయనను. అచ్చులు బిగించేవాళ్లు, ఇనుము కట్టేవాళ్లు బిహార్, జార్ఖండ్, బెంగాల్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు. కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు దుబాయ్‌లో ఇదే పని చేయడానికి వెళ్తే, వాళ్ల సొంత రాష్ట్రంలో టవర్లు కట్టడానికి వెయ్యి మైళ్ల దూరం నుంచి ఇంకెవరో పిల్లలు వస్తున్నారు.

వాళ్ల కోసం 1996లో కేంద్రం చట్టం చేసింది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలి. ఆ సాయం అందాలంటే కార్మికుడు రాష్ట్ర బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. ఎనిమిది నెలలు ఇక్కడ, ఆరు నెలలు పుణెలో పనిచేసే కుర్రాడికి ఆ నమోదు ఎప్పుడు జరగాలి? సైటు వెనక రేకుల షెడ్లలో వాళ్లు ఉండే గదులు చూశాను. మైవాన్ పలకకు ఉన్నట్టే ఒక్కో తలుపు మీదా ఒక నంబరు. 45వ అంతస్తులో ఇల్లు కొన్నవాళ్లు గృహప్రవేశానికి పెట్టే భోజనాల్లో మొదటి బంతి వీళ్లది కావాలని నాకు అనిపిస్తుంది. కానీ అప్పటికి వాళ్లు ఇంకో గొయ్యిలో ఉంటారు.

నీళ్లు ఎక్కాలి, మనుషులు దిగాలి

పై స్లాబ్ పడ్డ రోజు స్వీట్లు పంచారు. మా వీధి వాళ్లంతా ఇక అయిపోయిందనుకున్నారు. ఇంకో ఏడాదిన్నర పట్టింది. బయటికి కనపడని పనంతా అప్పుడే జరుగుతుంది.

నీళ్లనే తీసుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 1,800 మందికి రెండున్నర లక్షల లీటర్లు కావాలి. ఆ కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద వచ్చి సంపులో పడతాయి. అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కాలి. వెయ్యి లీటర్లను 150 మీటర్ల పైకి ఎక్కించడానికి, పంపులో పోయేది కలుపుకుంటే, ముప్పావు యూనిట్ దాకా కరెంటు ఖర్చవుతుంది. ఎక్కించడం ఒక సమస్య, దించడం ఇంకో సమస్య. పది మీటర్లకు ఒక బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పై ట్యాంకు నుంచి ఒకే పైపు వేస్తే కింది అంతస్తుల్లో 15 బార్ల ఒత్తిడి వస్తుంది. ఇళ్లలో కుళాయిలు రెండు మూడు బార్లకు చేసినవి. విప్పితే చేతిని కొడుతుంది, గీజర్ జాయింట్లు ఊడతాయి. అందుకే బిల్డింగ్‌ను నీళ్ల కోసం మూడు నాలుగు వాటాలుగా విడగొట్టి, మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడతారు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మోడల్ ఫ్లాట్‌లో సోఫాల కన్నా ఆ వాల్వులు ఎక్కడున్నాయో చూపించమని అడగడం మంచిది. పాడయ్యేవి, మెయింటెనెన్స్ బిల్లు పెంచేవి అవే.

మురుగు పైపు గురించి ఒక అపోహ ఉంది, పై నుంచి పడే నీరు కిందికొచ్చేసరికి బుల్లెట్ వేగం అందుకుంటుందని. అలా జరగదు. నీరు పైపు గోడను పట్టుకుని జారుతుంది. కొన్ని అంతస్తులు దిగేసరికే రాపిడి వల్ల వేగం ఒక చోట ఆగిపోతుంది. ఇబ్బంది పెట్టేది గాలి. పడే నీరు ముందున్న గాలిని నెడుతుంది, వెనకున్న గాలిని లాగుతుంది. ఆ లాగుడుకు బాత్రూమ్ ట్రాప్‌లో వాసనను ఆపే నీళ్లు కూడా కొట్టుకుపోతాయి. అందుకే మురుగు పైపు పక్కనే గాలి కోసం ఇంకో పైపు ఉంటుంది. కొత్త టవర్ బాత్రూముల్లో వాసన వస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే.

ఇక నిప్పు. అగ్నిమాపక నిచ్చెన అందని ఎత్తులో ఉన్నవాళ్లను కాపాడాల్సింది బిల్డింగే. మంటల కన్నా ముందు చంపేది పొగ. లిఫ్ట్ గుంత, మెట్ల గుంత పొగ గొట్టాల్లా పనిచేస్తాయి. అందుకే మెట్ల దారిలోకి ఫ్యాన్లతో గాలి నింపుతారు, తలుపు తెరిస్తే గాలి బయటికి తోయాలి తప్ప పొగ లోపలికి రాకూడదు. పెద్ద టవర్లలో కొంత ఎత్తుకొకటి చొప్పున రెఫ్యూజ్ ఏరియా ఉండాలి. అది బయటి గాలికి తెరిచి ఉండే ఖాళీ చోటు. 45 అంతస్తులు ఏకబిగిన దిగలేని ముసలివాళ్లు, పిల్లలు అక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి, ఫైర్ సిబ్బంది వాళ్లను అక్కడికొచ్చి తీసుకెళ్లాలి. ఒక పాత టవర్‌లో ఆ చోట విరిగిన సైకిళ్లు, మంచాలు, పూలకుండీలు పేర్చి ఉండటం నా కళ్లతో చూశాను. మెట్ల తలుపు మూసుకోకుండా ఇటుక పెట్టారు, గాలి వస్తుందని. ఇంజనీర్లు ఏళ్లపాటు వేసిన లెక్కను ఆ ఒక్క ఇటుక చెడగొడుతుంది. నిజంగా నన్ను భయపెట్టింది ఆ ఇటుకే.

కాగితాలు, ఆపైన గేటు

కొనేవాళ్లకు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కొంత బలం ఇచ్చింది. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. రేటు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటు మీద చెప్పాలి. నిర్మాణంలో లోపం బయటపడితే ఐదేళ్ల దాకా బిల్డరే బాగుచేయాలి. మన దగ్గర ఇంకో పాత తాళం కూడా ఉంది: కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టాలి, ఓసీ వచ్చాకే అది విడిపిస్తారు. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా ఇల్లు చేతికి తీసుకోవద్దని నేను తెలిసినవాళ్లందరికీ చెబుతాను. ఫైర్ పంపు నడుస్తోందో లేదో ఎవరైనా అధికారికంగా చూసేది అప్పుడే.

యూడీఎస్, అంటే ఒక్కో ఇంటికి వచ్చే నేల వాటా లెక్క కూడా వేసుకోవాలి. 500 గజాల్లో పది ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్ అయితే ఇంటికి సగటున 50 గజాల నేల. మూడెకరాల్లో 450 ఇళ్లయితే 32 గజాలే. బిల్డింగ్ పాతబడేది, నిలిచేది నేల. ఎత్తు పెరిగేకొద్దీ ఆ వాటా సన్నబడుతుంది.

ఇప్పుడు ఎదురింట్లో, అంటే ఎదురు ఊళ్లో, సగం ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకు సెల్లార్ ర్యాంపు మీద కార్లు వరస కడతాయి. నాలుగంతస్తుల కింది నుంచి వచ్చినవి, 45 అంతస్తుల పై నుంచి దిగినవాళ్లతో. నియమం ప్రకారం ముందున్న రోడ్డు వందడుగులు, అందులో తప్పేమీ లేదు. ఆరు వందల గజాలు వెళ్లాక అది మలుపు తిరిగి మా పాత వీధిలో కలుస్తుంది. అది నలభై అడుగులు, ఒక పక్క కూరగాయల బండ్లు, ఇంకో పక్క స్కూలు. ఎత్తు పెరిగేకొద్దీ కట్టించుకునే ఇంపాక్ట్ ఫీజు ఆ మలుపును వెడల్పు చేయడానికే వాడాలని, అనుమతి ఇచ్చే రోజునే ఈ రెండో రోడ్డును కూడా టేపు పెట్టి కొలవాలని మా కాలనీ వాళ్లం రాసి ఇచ్చాం. ఈ వారం నుంచి పొద్దున పూట ఆ మలుపు దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నిలబడుతున్నాడు. స్కూలు పిల్లలను దాటించడానికి చెయ్యి ఎత్తితే, వెనక వరస టవర్ గేటు దాకా వెళ్తోంది.